కార్టన్ విప్పబడదు

జూన్ 3, సోమవారం

పొద్దున్నే కంపెనీ నుంచి మెయిల్. ఫిట్స్ మాత్రలు కొన్ని వారాల పాటు ఎనభై శాతమే పంపుతారట. కారణం రాయలేదు. ఎప్పుడూ రాయరు. గట్టిగా అడిగితే ఫోనెత్తరు.

ఎనభై అంటే పెద్ద కొరతేం కాదు. మా హోల్‌సేల్ గోడౌన్ నుంచి నూటపన్నెండు మందుల షాపులకి సరుకు వెళ్తుంది. ఒక్కొక్కరు కాస్త తగ్గించుకుంటే ఎవరికీ తెలియకుండా గడిచిపోయేది. కానీ మధ్యాహ్నానికల్లా వార్త పాకింది. సాయంత్రం ఆర్డర్లు తెరిచి చూస్తే అన్నీ కాకిలెక్కలే. మామూలుగా నాలుగు కార్టన్లు తీసుకునేవాళ్ళు పది రాశారు. పది తీసుకునేవాళ్ళు పాతిక. సెంటర్లో పెద్ద షాపు ఆయన అరవై రాశాడు. ఏ మందు కొరతొచ్చినా ఆయన అరవైయే రాస్తాడు, అందుకే మా ఆఫీసులో ఆయన పేరు అరవై గారు. నిజానికి పదిహేను చాలు. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. నేను కోస్తానని ఆయన పెంచుతాడు, ఆయన పెంచాడని నేను కోస్తాను.

సోమవారం ఆర్డర్లు, మంగళవారం పంపకం, గురువారం వ్యాన్లు. ఎవరికెంత అనేది తేల్చేది నేను. పదకొండేళ్ళుగా నేనే. సరుకు నిండుగా ఉన్నప్పుడు ఈ పని ఎవరైనా చేస్తారు.

అక్క షాపు ఆర్డరు: రెండు. ఎప్పుడూ రెండే.

జూన్ 4, మంగళవారం

వచ్చిన సరుకు నాలుగొందల కార్టన్లు. వచ్చిన ఆర్డర్లు వెయ్యి. అంటే అడిగినదాంట్లో నలభై శాతం.

షీట్‌లో ఒక్క బటన్ నొక్కితే అందరి వాటాలూ వచ్చేస్తాయి. ఆ షీట్ నేను తయారుచేసిందే. గోడ మీద బోర్డు కూడా నా చేతిరాతే: కార్టన్ విప్పబడదు, లూజు ఇవ్వబడదు. పూర్వం కార్టన్లు విప్పి స్ట్రిప్పుల లెక్కన కట్టించేవాళ్ళం. రోజూ తగువులే. ఒకటి తగ్గిందని ఒకడు, అట్ట చిరిగిందని ఇంకొకడు. బోర్డు పెట్టాక నోళ్ళు మూతపడ్డాయి. వాటా ఒక కార్టన్‌కి తక్కువైతే షీట్ దాన్ని సున్నా చేసేస్తుంది. అలా మిగిలిన కార్టన్లు పెద్ద ఆర్డర్లకి సర్దుతాం. ఓనరుగారు కొత్తగా ఎవరొచ్చినా నన్ను చూపించి, మా మేడమ్‌కి చుట్టమూ లేడు, పగవాడూ లేడు అంటారు. ఆయన అన్న ప్రతిసారీ నేను విననట్టు నటిస్తాను.

అక్కకి సున్నా పాయింట్ ఎనిమిది వచ్చింది. షీట్ సున్నా చేసింది.

ఆ గడిలో ఒకటి అని కొట్టాను.

బిల్లింగ్ అమ్మాయి నా వెనకే నిలబడి ఉంది. ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని, నేనేం చూడలేదు మేడమ్, అక్కగారి షాపు కదా అంది. నవ్వులాటకే అంది. నాకు మాత్రం తలకొట్టేసినట్టయింది. ఒకటి చెరిపేశాను. ఆ అమ్మాయి నవ్వు ఆపేసి, అయ్యో, సరదాకి అన్నాను మేడమ్ అంది. పనిచూసుకోమన్నాను.

ఇంటికొస్తూ దారి పొడుగునా గర్వంగానే అనిపించింది. ఇక్కడ అబద్ధం రాసి ఎవరికి చూపించాలి?

జూన్ 6, గురువారం

వ్యాన్లు వెళ్ళాయి. తిట్టే ఫోన్లు యాభై దాకా వచ్చాయి. అక్క చేయలేదు.

జూన్ 9, ఆదివారం

ఆదివారం భోజనం అక్క వాళ్ళింట్లోనే. ముందు షాపు, వెనక రెండు గదులు, పైన సామాను పెట్టుకునే అటక, దానికి నిటారుగా చెక్క మెట్లు. కౌంటర్ వెనక కర్టెన్ తీస్తే బావ మంచం. మధ్యాహ్నం అక్కడ నడుం వాల్చి, బెల్లు మోగితే పడుకునే ఏం కావాలండీ అని అరుస్తాడు. వచ్చినవాళ్ళు ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక చుట్టూ చూస్తారు. ఆయనకి అదో సరదా.

నన్ను చూడగానే జడ్జిగారొచ్చారు, స్టూలు వెయ్యండి అన్నాడు. ఈ బిరుదు మూడేళ్ళ నాటిది. అప్పుడూ ఇలాగే ఏదో కొరత. వచ్చేటప్పుడు రెండు స్ట్రిప్పులు చేత్తో పట్టుకురావే అని అక్క అడిగింది. అందరిలా ఆర్డర్లో రాయమన్నాను. అక్క ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. బావ మాత్రం దాన్ని నవ్వులోకి మార్చి, అప్పట్నుంచీ నన్ను జడ్జిగారనే పిలుస్తున్నాడు.

బావకీ ఫిట్స్ ఉంది. చిన్నప్పట్నుంచీ. పొద్దునొకటి, సాయంత్రమొకటి, ఇవే మాత్రలు. పన్నెండేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. ఆయన డబ్బా విడిగా సొరుగులో ఉంటుంది. అందుకే బావ గురించి నాకు బెంగ లేదు.

చేతులు కడుక్కుంటూ అక్కతో అన్నాను, అందరూ పెంచి రాస్తున్నారే అని. అంతకుమించి చెప్పలేదు. పెంచి రాయి అని నా నోటితో ఎలా చెప్పను? అక్క గిన్నెలు సర్దుతూ, నాకు రెండు కావాలి, రెండు రాస్తాను, నాలుగు రాస్తే ఆ మిగతా రెండూ ఎవరి నోటి దగ్గరివో అంది. మేమిద్దరం ఒకే తల్లి బిడ్డలం అనిపించింది. సంతోషించాను కూడా.

బయల్దేరేటప్పుడు అడిగింది. ఈ గురువారమైనా వస్తాయా, ఖాయంగా చెప్పు, నా మీద ఆధారపడ్డవాళ్ళున్నారు అంది. శుక్రవారం కంపెనీ మనిషి పూర్తి సప్లై ఇచ్చేస్తామని ఫోన్లో అన్నాడు. వస్తాయి అన్నాను. ఖాయం అన్నాను.

జూన్ 11, మంగళవారం

పూర్తి సప్లై రాలేదు. మళ్ళీ నాలుగొందలే. కంపెనీ మనిషి ఫోన్ స్విచాఫ్.

ఆర్డర్లు ఇంకా పెరిగాయి. మొదటిసారి తక్కువొచ్చిందని కోపం. అరవై గారు ఈసారి తొంభై. పేరు మార్చాలి అని బిల్లింగ్ అమ్మాయి గొణిగింది, నా వైపు చూడకుండా.

వాటా ముప్పై అయిదు శాతానికి దిగింది. అక్క రాసింది రెండే. సున్నా పాయింట్ ఏడు. సున్నా. ఈసారి ఆ గడి దగ్గర ఆగను కూడా ఆగలేదు.

అక్కకి ఫోన్ చేసి చెప్పాలి. రేపు చేస్తాను.

జూన్ 13, గురువారం

చేయలేదు.

నిన్న రెండుసార్లు నంబరు తీసి పెట్టేశాను. ఖాయం అని నాలుగు రోజులు కాలేదు, ఏ మొహం పెట్టుకుని చెప్పను? పొద్దున లోడింగ్ దగ్గర వ్యాన్ డ్రైవర్ కాగితం చూసి, ఇదేంటి మేడమ్, మీ అక్కగారికి మళ్ళీ లేవా, పోయిన వారం మీ బావగారు వ్యాన్ లోపలికి తల పెట్టి మరీ వెతికారు అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అని కసురుకున్నాను. పాపం, తలుపేసుకుని వెళ్ళాడు.

వ్యాన్ వెళ్తే అక్కకి తనకే తెలుస్తుంది కదా. ఇలా అనుకున్నాను. రాసి చూసుకుంటే ఎంత నీచంగా ఉందో.

జూన్ 16, ఆదివారం

తలనొప్పిగా ఉంది, రాలేను అని అక్కకి మెసేజ్ పెట్టాను. తలనొప్పి లేదు. సరే అని ఒక్క మాట వచ్చింది.

ఒంటిగంటకి బావ ఫోన్. జడ్జిగారు రాకపోవడంతో కోర్టు వాయిదా పడిందట. నా వాటా కూర కూడా ఆయనే తినేస్తున్నాడట, నలభై శాతం కూడా మిగల్చడట. ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. మాత్రల ఊసు ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. పెట్టేసేముందు, మీ అక్కకి నీ మీద కోపమేం లేదు, మనసులో పెట్టుకోకు అన్నాడు.

జూన్ 17, సోమవారం, ఉదయం 10.15

అక్క ఫోన్ చేసింది. బావ పడిపోయాడు, రా అంది. అంతే. వ్యాన్ డ్రైవర్ బండి తిప్పుతున్నాడు. చేతులు ఊరుకోక ఇది రాస్తున్నాను.

జూన్ 17, సాయంత్రం 5 గంటలు

ఆస్పత్రి వరండా. బెంచీలన్నీ నిండిపోయి మెట్ల మీద కూర్చున్నాను.

పొద్దున అటక మీద నుంచి దగ్గుమందు పెట్టె దించబోయాడట. మెట్ల మధ్యలో ఉండగా ఫిట్స్ వచ్చింది. తల సిమెంటు గచ్చుకి తగిలింది. ఇంకా స్పృహ లేదు.

డాక్టరు అక్కని అడిగాడు, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడని. బుధవారం పొద్దున అంది అక్క. డాక్టరు రాసుకోవడం ఆపి తలెత్తాడు. మందుల షాపు వాళ్ళు కదమ్మా మీరు అన్నాడు. అక్క అవునంది.

 అప్పుడు తెలిసింది. బుధవారం పక్కవీధి టైలరమ్మ వచ్చిందట. వాళ్ళ కూతురికి తొమ్మిదేళ్ళు, ఇవే మాత్రలు. ఎక్కడా దొరకలేదని ఏడ్చిందట. షాపులో ఒక్కటీ లేదు. అప్పుడు బావే సొరుగు లాగి తన డబ్బా తీసిచ్చాడట. ఆమె వెళ్ళాక అక్కతో, నాకు పన్నెండేళ్ళుగా ఏమైంది, ఆ పిల్లకి పోయిన నెలే వచ్చింది, రేపు వ్యాన్ వస్తుంది, మీ చెల్లెలు ఖాయం అంది కదా అన్నాడట.

గురువారం వ్యాన్ వచ్చి వెళ్ళింది. శుక్రవారం అక్క స్వయంగా సెంటర్లో పెద్ద షాపుకి వెళ్ళి, ఇంట్లో మనిషికి, ఒక్క స్ట్రిప్పు ఇవ్వండి అని అడిగిందట. ఒక్కటీ లేదన్నాడట అరవై గారు.

నాకెందుకు ఫోన్ చేయలేదే అన్నాను. చేస్తానంటే మీ బావ వద్దన్నాడు, దాన్ని ఇరకాటంలో పెట్టకు, అందరికీ ఇచ్చినప్పుడే మనకీ ఇస్తుంది అన్నాడు అంది అక్క. కోపంగా అనలేదు. డాక్టరుకి చెప్పినట్టే చెప్పింది.

జూన్ 19, బుధవారం

అదే వరండా. కళ్ళు తెరవలేదు.

జూన్ 21, శుక్రవారం

పొద్దున ఆరున్నరకి బావ పోయాడు.

జూన్ 25, మంగళవారం

టైలరమ్మ వచ్చింది, కూతురితో. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ పిల్ల వాళ్ళమ్మ వెనక దాక్కుని నన్నే చూస్తోంది. మిగిలిన మూడు స్ట్రిప్పులు టైలరమ్మ రుమాల్లో కట్టి తెచ్చింది. ఇవి మీ ఆయనవని తెలియదమ్మా, తెలిస్తే చచ్చినా తీసుకునేదాన్ని కాదు అని ఏడ్చింది. అక్క ఆ మూట మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టి, పిల్లకి వెయ్యండి, మానకండి అంది. వాళ్ళు వెళ్ళాక నీళ్ళ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తాగలేదు.

నేను ఆ ఇంట్లో ఉండి ఏం చేస్తున్నానో నాకే తెలియదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతున్నాను.

జూలై 1, సోమవారం

డ్యూటీలో చేరాను. ఓనరుగారు లేచి నిలబడ్డారు. ఇంకో వారం తీసుకోవాల్సింది అన్నారు. కంపెనీ సప్లై పూర్తిగా వచ్చేసిందట, పాత బాకీ సరుకుతో కలిపి. గోడౌన్‌లో ఫిట్స్ మాత్రల కార్టన్లు పైకప్పు దాకా ఉన్నాయి. వాటి పక్క నుంచే నా గదికి వెళ్ళాలి.

అందరూ భోజనాలకి వెళ్ళాక జూన్ 4 షీట్ తెరిచాను. ఇంతకుముందు ఎప్పుడూ చూడనిది చూశాను. సున్నా వచ్చిన షాపులు పంతొమ్మిది. సున్నాలు చేయగా, మిగతావాళ్ళ వాటాల్లో చిల్లర కోయగా మిగిలి పెద్ద ఆర్డర్లకి సర్దిన కార్టన్లు నలభై ఆరు. పంతొమ్మిది మందికీ తలా ఒకటి ఇచ్చినా ఇంకా ఇరవై ఏడు ఉండేవి. అక్కకి ఇస్తే పక్షపాతం అనుకున్నాను. అందరు చిన్నవాళ్ళకీ ఇవ్వచ్చని తోచలేదు. పదకొండేళ్ళలో ఒక్క మంగళవారం కూడా తోచలేదు. నా షీట్‌లో చుట్టమూ లేడు, పగవాడూ లేడు. అసలు మనిషే లేడు.

షీట్‌లో సున్నా చేసే లైను మార్చేశాను. ఇకమీద ఒకటికి తక్కువైతే ఒకటి. నిమిషం పట్టింది.

జూలై 7, ఆదివారం

అక్కకి చెప్పేశాను.

షాపు ఇంకా తెరవలేదు. షట్టర్ సగం ఎత్తి, లోపల కింద కూర్చుని ఎక్స్‌పైరీ తేదీలు చూస్తోంది. పక్కనే కూర్చుని, నీ గడిలో ఒకటి కొట్టి చెరిపేశాను అన్నాను. ఎందుకు చెరిపావని అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు నాలుగు రోజులుగా కూడబలుక్కుంటున్నాను. అడగలేదు. అరవై గారికి ఎన్ని పంపావు అంది. మొదటి వారం ఇరవై నాలుగు, మిగిలినవాటిలో మరో నాలుగు, రెండో వారం ముప్పై పైన అన్నాను. ఆయనకి వారానికెన్ని కావాలి అంది. పదిహేను అన్నాను.

మరి అన్ని ఎలా వెళ్ళాయి అంది.

ఎక్కువ రాశాడు అన్నాను.

ఓహో, రాస్తే చాలా అంది.

  అక్క లేచి, పొద్దెక్కింది, తిను అని కంచం పెట్టింది. బావ మంచం మీద దుప్పటి అలాగే ఉంది, నలగకుండా. దానికి ఎదురుగా కూర్చుని తిన్నాను. ముద్ద దిగకపోయినా తిన్నాను. కంచంలో వదిలేస్తే అక్క ఏమైనా అంటుందేమోనని ఆశ. ఏమీ అనకుండా కంచం తీసేసింది.

జూలై 9, మంగళవారం

రిటర్న్‌లు మొదలయ్యాయి. కొరత తీరింది కదా, పెంచి తీసుకున్నవాళ్ళందరూ వెనక్కి పంపుతున్నారు. అరవై గారి దగ్గర్నుంచి ఒక్కరోజే ముప్పై ఒకటి. సీలు కూడా విప్పలేదు. బ్యాచ్ నంబర్ చూశాను. జూన్ 6న, 13న వెళ్ళినవే.

అక్క ఒక్క స్ట్రిప్పు అడిగిన రోజు ఇవి ఆయన ర్యాకులో ఉన్నాయి.

ఫోన్ చేసి నిలదీయాలనుకున్నాను. చేశాను కూడా. ఆయనే ముందుగా, మీ బావగారి సంగతి విన్నానమ్మా, ఎంత మంచి మనిషి అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు, గొంతులో తెలుస్తోంది. ఆ రోజు అడిగిన ఆవిడ ఎవరో ఆయనకి తెలియదు. రిటర్న్‌లు ముట్టాయి అని చెప్పి పెట్టేశాను.

జూలై 10, బుధవారం

గోడ మీద బోర్డు పీకేశాను. అంటుకున్న చోట సున్నం ఇంకా తెల్లగా ఉంది.

జూలై 12, శుక్రవారం

బోర్డు మళ్ళీ గోడ మీద ఉంది. కింద పడిపోయిందనుకుని లోడింగ్ పెద్దాయన తెచ్చి పెట్టాడట. ఈసారి మేకులు కొట్టాను మేడమ్, ఇంక ఊడదు అన్నాడు సంబరంగా. బాగుందన్నాను.

జూలై 15, సోమవారం

అక్క షాపు తెరిచింది. మొదటి ఆర్డరు వచ్చింది. దగ్గుమందు మూడు, జ్వరం మాత్రలు నాలుగు, కట్టు గుడ్డ ఒకటి.

ఫిట్స్ మాత్రలు: ఇరవై.

బిల్లింగ్ అమ్మాయి కంగారుగా వచ్చింది. రెండు పక్కన సున్నా పొరపాటున పడిందేమో, ఫోన్ చేసి కనుక్కోనా మేడమ్ అంది. వద్దన్నాను. పొరపాటు కాదన్నాను. సరుకు నిండుగా ఉంది, కోత లేదు. ఇరవైకి ఇరవై రాసి పంపాను.  పదకొండేళ్ళలో అక్క రాసిన మొదటి అబద్ధం. అది నేర్పింది నేనే.

జూలై 18, గురువారం

వ్యాన్ డ్రైవర్ తిరిగొచ్చి సంతకం కాగితం ఇచ్చాడు. అక్క ఇరవై కార్టన్లూ దించుకుందట. అంత చిన్న షాపులో ఎక్కడ పెట్టావని అడిగాను. చెప్పడానికి తటపటాయించాడు. కౌంటర్ వెనక మంచం తీయించి, ఆ చోట పేర్పించిందట. ఒకటైనా విప్పి ర్యాకులో సర్దనా అంటే వద్దందట.

జడ్జిగారితో చెప్పు, సోమవారం మళ్ళీ ఇరవై రాస్తాను అందట.